బంగారు క్యాటలిస్ట్ గురించి పరవాడలో వినిపించే అపోహలు

ఆల్కహాల్‌ను ఆల్డిహైడ్ చేయమంటే విశాఖ దగ్గరి పరవాడ ఫార్మాసిటీలో కొత్తగా చేరిన కెమిస్టులకు ముందు గుర్తొచ్చేది కాలేజీలో చదివిన క్రోమియమే. నారింజ రంగు ద్రావణం ఆకుపచ్చగా మారుతుంటే చూడ్డానికి బాగానే ఉంటుంది. అది ఈటీపీకి (వ్యర్థజలాల శుద్ధి ప్లాంటుకు) చేరాక మొదలవుతాయి అసలు పాట్లు. అదే పని బంగారం-పల్లాడియం లోహాల క్యాటలిస్ట్ (చర్యను వేగవంతం చేసే పదార్థం) మీద ఆక్సిజన్‌తో చేయొచ్చు, పక్కన వచ్చేది నీళ్లే అంటే మాత్రం నమ్మరు.

అపోహ: బంగారం దేనితోనూ కలవదు కదా!
మెళ్లో గొలుసుకైతే నిజమే. ఐదు నానోమీటర్ల లోపు రేణువులుగా ఆక్సైడ్ మీద అతికిస్తే కథ వేరు. 1987లోనే జపాన్‌లో మసతాకే హరుతా బృందం అలాంటి బంగారంతో సున్నా డిగ్రీలకు చాలా దిగువన కార్బన్ మోనాక్సైడ్‌ను ఆక్సీకరణం చేసి చూపింది.

అపోహ: పనంతా పల్లాడియానిదే, బంగారం హంగుకే.
పల్లాడియం ఒక్కటే వేసినా బెంజైల్ ఆల్కహాల్ కన్వర్షన్ (వేరే పదార్థంగా మారడం) వస్తుంది. కానీ జీసీలో (మిశ్రమంలో ఏది ఎంతుందో చూపే గ్యాస్ క్రొమటోగ్రఫీలో) టోలుయీన్ పీక్ ఎంతుందో చూడండి. ఒక ఆల్కహాల్ అణువు హైడ్రోజన్ వదిలి బెంజాల్డిహైడ్ అవుతుంటే, పక్కది ఆ హైడ్రోజన్ అందుకుని టోలుయీన్ అయిపోతుంది. సరుకు అక్కడే పోతోంది. బంగారం కలిపితే సెలెక్టివిటీ, అంటే కావాల్సిన సరుకే వచ్చే పాలు, మెరుగవుతుంది. 2006లో బ్రిటన్‌లోని కార్డిఫ్‌లో హచింగ్స్ బృందం టైటానియా (టైటానియం ఆక్సైడ్) మీద, సాల్వెంట్ లేకుండా చేసిన పనిలో తేలింది ఇదే. ఆ రేణువుల్లో బంగారం ఎక్కువగా లోపల, పల్లాడియం పైన ఉంటాయి. గిల్టు నగకు సరిగ్గా తలకిందులన్నమాట. లోపలున్న బంగారమే పైనున్న పల్లాడియం తీరు మారుస్తుంది. టోలుయీన్ ఇంకా వస్తుంటే లోహాలను తిట్టకుండా సపోర్ట్ (వాటిని అతికించిన ఆధార పదార్థం) మార్చండి. మెగ్నీషియా (మెగ్నీషియం ఆక్సైడ్) మీద టోలుయీన్ దాదాపు ఆగిపోతుంది.

అపోహ: వేడి, ఆక్సిజన్ రెండూ ఉంటే ఆల్డిహైడ్ ఆమ్లమైపోతుంది.
నాకు బాగా నచ్చిన చిక్కుముడి ఇది. సగం వాడిన బెంజాల్డిహైడ్ సీసా మూత తిప్పితే మరల్లో తెల్లటి పలుకులు గరగరమంటాయి. గది వేడికే గాలి తగిలి పుట్టిన బెంజోయిక్ ఆమ్లమది. మరి నూరు డిగ్రీలు దాటిన రియాక్టర్‌లో ఆల్డిహైడ్ ఎలా నిలుస్తోంది? మిగిలున్న బెంజైల్ ఆల్కహాల్ కాపాడుతోంది. ఆమ్లానికి దారితీసే పెరాక్సీ రాడికల్స్‌ను (ఆక్సిజన్ చేరిన చురుకైన అణు ముక్కలను) అది మధ్యలోనే పట్టేస్తుంది. 2014లో ఈ సంగతి బయటపడింది. అందుకే చివరి చుక్క ఆల్కహాల్ దాకా బ్యాచ్ లాగొద్దంటాను. ఆల్డిహైడ్‌ను వేరుచేశాక మాత్రం నైట్రోజన్ కింద ఉంచాల్సిందే.

అపోహ: వాడిన క్యాటలిస్ట్‌ను వడకట్టి ఆరబెడితే చాలు.
కార్బన్ మీది పల్లాడియంతో ఈ ఆట వద్దు. సాల్వెంట్ ఆవిరి ఉన్నచోట పొడికేకు గాలి తగిలితే అంటుకుంటుంది. ఫిల్టర్ మీద ఉండగానే నీళ్లతో తడిపి, తడిగానే డబ్బాలోకి ఎత్తండి.