చిప్పు పడుకుంది, బోర్డు పడుకోలేదు

గుంటూరు పక్కన ప్రత్తిపాడు దగ్గర మా బాబాయి మిరప చేలో నేల తడి కొలవడానికి ఒక డబ్బా పాతాను. లోపల ఏటీమెగా 328పీ మైక్రోకంట్రోలర్, అంటే బుల్లి కంప్యూటర్ లాంటి చిప్పు, నేర్చుకునేవాళ్లు వాడే మామూలు బోర్డు మీద. ఆల్కలైన్ పెన్సిల్ సెల్స్ ఆరు. రెండో రోజుకే చల్లబడింది. ప్రోగ్రాంలో నిద్ర, అంటే పని లేనప్పుడు చిప్పు ఆగి ఉండే ఏర్పాటు, చేర్చి మళ్లీ పెడితే ఇంకో పూట ఎక్కువ బతికింది, అంతే. "చేనుకి తడి పెట్టటం కన్నా నీ డబ్బాకి సెల్స్ పెట్టటమే ఎక్కువైందిరా" అన్నాడు బాబాయి.

చిప్పు ఏ పనీ చెయ్యకపోయినా కరెంటు ఎందుకు తాగుతుంది? దాని గడియారం ఆగదు కాబట్టి. 16 మెగాహెర్ట్జ్ అంటే సెకనుకి కోటీ అరవై లక్షల టిక్కులు. టిక్కు టిక్కుకీ లోపలి ట్రాన్సిస్టర్లు కొన్ని అటూ ఇటూ మారతాయి, మారినప్పుడల్లా కాస్త విద్యుత్తు ఖర్చవుతుంది. గడియారాన్ని ఆపేస్తే మిగిలేది అతి సన్నని లీకేజీ.

ఈ నిద్రలో మెట్లున్నాయి. ఐడిల్ అనేది కోడికునుకు: లెక్కలు చేసే భాగం ఒక్కటే ఆగుతుంది, టైమర్లు నడుస్తూనే ఉంటాయి, పిలిస్తే వెంటనే లేస్తుంది. పవర్ డౌన్ కుంభకర్ణుడి నిద్ర. అసలు గడియారమే ఆగిపోతుంది. మరి లేపేదెవరు? వాచ్‌డాగ్ అనే చిన్న టైమర్. అది మేలుకుని ఉన్నా మొత్తం ఖర్చు అయిదారు మైక్రోఆంపియర్లు. చిక్కేమిటంటే, అది ఎనిమిది సెకన్లకు మించి ఆగలేదు. పావుగంట గడవాలంటే చిప్పు 112 సార్లు కళ్లు తెరిచి, "ఇంకా కాలేదా" అనుకుని మళ్లీ పడుకోవాలి. చూడ్డానికి వెర్రిగా ఉన్నా, ఆ మెలకువలకయ్యే ఖర్చు లెక్కలోకి రాదు.

మరి నా సెల్స్‌ని తిన్నదెవరు? మీటరు పెట్టి చూస్తే బోర్డు మేలుకున్నప్పుడు 45 మిల్లీఆంపియర్లు, చిప్పు పడుకున్నాక 35. ఓల్టేజిని నిలకడగా ఉంచే రెగ్యులేటరు, యూఎస్‌బీ చిప్పు, ఎవరూ చూడని చిన్న దీపం... ఇవన్నీ జాగారం చేస్తున్నాయి. సెల్స్‌లో 2000 మిల్లీఆంపియర్ అవర్లు ఉన్నాయనుకుంటే, 35తో భాగిస్తే 57 గంటలు. సరిగ్గా అంతే బతికింది.

బోర్డు తీసేసి, వట్టి చిప్పుని మూడు సెల్స్ మీద నడిపాను. సెన్సర్‌కి కరెంటు ఒక పిన్ను నుంచి, కొలిచే రెండు సెకన్లే. పడుకునే ముందు ఏడీసీని, అంటే సెన్సర్ ఓల్టేజిని అంకెగా మార్చే భాగాన్ని, ఆపాలి, లేకపోతే అదొక్కటే వంద మైక్రోఆంపియర్లకు పైగా లాగుతుంది. వాడని పిన్నుల్ని దేనికీ కలపకుండా గాల్లో వదిలినా దొంగ ఖర్చే.

కొత్త లెక్క: పావుగంటకి రెండు సెకన్లు 15 మిల్లీఆంపియర్లు, మిగతా అంతా నిద్ర. సగటున 40 మైక్రోఆంపియర్లకు లోపే. కాగితం మీద ఆరేళ్లకు పాకింది. సెల్స్ పెట్టెలో ఊరికే ఉన్నా నీరసిస్తాయి కాబట్టి బాబాయికి ఆ అంకె చెప్పలేదు, రెండేళ్లకోసారి మార్చమన్నాను. ఇప్పుడు నా పేచీ అంతా మట్టిలో గుచ్చిన సెన్సర్ కడ్డీలకు పట్టే తుప్పుతోనే.