పుల్ల దాటిన నీళ్లు: సస్పెన్స్ రచన మీద అపోహలు – వాస్తవాలు

నేను సస్పెన్స్ నవలలు రాస్తాను. ఇరవై ఏళ్లుగా అదే పని. సభలోనైనా, పెళ్లిలో పక్క కుర్చీలో కూర్చున్నవాళ్లయినా నన్ను అడిగే ప్రశ్నలు ఇంచుమించు ఒకటే, వాటి వెనక ఉన్న నమ్మకాలూ ఒకటే. చిన్నప్పటి జ్ఞాపకాలు, మనం పుట్టి పెరిగిన చోట్లు కథలోకి ఎలా వస్తాయన్న దాని మీద చాలామందికి తప్పు అభిప్రాయాలున్నాయి. కొత్తగా రాయాలనుకునే పిల్లలు వాటిని నమ్మి, తమ దగ్గర సరుకు లేదనుకుని ఆగిపోతున్నారు. అది చూడలేకే ఇది రాస్తున్నాను.

అపోహ: చిన్నప్పుడు ఏదో ఘోరం చూసినవాళ్లే ఇలాంటి కథలు రాయగలరు.

వాస్తవం: నేను హత్య చూడలేదు. మా ఇంట్లో ఎవరూ మాయం కాలేదు. మాది గౌతమి గోదావరి ఒడ్డున, ముక్తేశ్వరం వైపు ఒక లంక. అమ్మమ్మ దగ్గర పెరిగాను. 1986 ఆగస్టు వరద నాటికి నాకు తొమ్మిదేళ్లు. ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 35 లక్షల క్యూసెక్కులు దాటింది, భద్రాచలంలో నీటిమట్టం 75 అడుగుల పైకి వెళ్లింది. అక్కడ 53 అడుగులకే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు, దాన్నిబట్టి ఆలోచించండి.

కానీ నాకు బాగా గుర్తున్నది వరద కాదు, వరద రాకముందు గడిచిన గంటలు. రేడియోలో భద్రాచలం మట్టం చెప్పేవారు. అక్కడ పెరిగిన నీరు మా దాకా దిగడానికి టైం పడుతుంది, అంటే వస్తుందని ఊరందరికీ తెలుసు. తెలిసినా ఎండ కాస్తూనే ఉంది, కోళ్లు వాకిట్లో తిరుగుతూనే ఉన్నాయి, అమ్మమ్మ ఒక పక్క పప్పు ఉడకేస్తూ ఇంకో పక్క బియ్యం మూటలు అటక మీదకి అందిస్తోంది. మావయ్య రేవు మెట్ల పక్కన ఒక వెదురు పుల్ల పాతి, దాని మీద కత్తితో నాలుగు గాట్లు పెట్టాడు. గంటకోసారి వెళ్లి చూసి రావడం నా పని. మొదటిసారి నీళ్లు అన్నిటికంటే కింది గాటుకి జానెడు దిగువన ఉన్నాయి. రెండోసారి ఆ గాటు తడిసింది. మూడోసారి వెళ్లేసరికి పైకి ఒక్క గాటే కనిపిస్తోంది. నాలుగోసారి పుల్ల ఎక్కడ పాతామో కూడా నాకు తెలియలేదు. ఇంటికొచ్చి ఏమని చెప్పాలో తోచక అరుగు మీద అలాగే నిలబడ్డాను. అమ్మమ్మ నా మొహం చూసి, ఏమీ అడక్కుండా, పొయ్యిలో కట్టెలు బయటికి లాగేసి నీళ్లు చల్లింది.

నేను రాసిన ప్రతి నవలలోనూ ఆ పుల్ల ఉంది. ఒక దాంట్లో అది రిజిస్ట్రేషన్ తేదీ, ఇంకో దాంట్లో రోజూ ఒకటి చొప్పున తగ్గిపోయే మాత్రల సీసా. రాబోయేది ఏమిటో పాఠకుడికి ముందే తెలియాలి, అది ఎంత దూరంలో ఉందో చూసుకోవడానికి చేతిలో ఒక కొలత ఉండాలి, ఆ కొలత అతని కళ్లముందే తరిగిపోవాలి. తలుపు వెనక నుంచి భౌ అని బెదిరించడానికీ దీనికీ పోలికే లేదు. తొమ్మిదేళ్ల పిల్లకి ఇది నేర్పడానికి ఘోరాలేమీ అవసరం లేకపోయింది.

అపోహ: సొంతూరికి వెళ్లి నాలుగు రోజులుంటే కథ దానంతటదే దొరుకుతుంది.

వాస్తవం: ఊరు కథ ఇవ్వదు, సాక్ష్యాలు ఇస్తుంది. నీళ్లు తీసేశాక మా ఇంటి లోపలి గోడల మీద గోధుమరంగులో ఒక గీత మిగిలింది, నాలుగు గదుల్లోనూ నూలు పట్టి గీసినట్టు ఒకే ఎత్తున. ఒండ్రు కడిగాం, సున్నం వేశాం, అయినా రెండేళ్లకి మళ్లీ తేలింది. అప్పుడది నా భుజం ఎత్తు. ఇప్పుడు వెళ్లి పక్కన నిలబడితే నడుముకి కాస్త పైన.

చాలా ఏళ్ల తర్వాత, ఆస్తి తగాదా మీద ఒక నవల మొదలుపెట్టి మధ్యలో ఇరుక్కుపోయాను. పెద్దకొడుకు "దస్తావేజులు వరదలో తడిసి నాశనమైపోయాయి" అంటాడు. అతను అబద్ధం చెబుతున్నాడని తేలాలి, ఎలా తేలాలో నెల రోజులు తోచలేదు. తర్వాత గోడ మీద గీత గుర్తొచ్చింది. ఆ ఇంట్లో కాగితాల పెట్టె ఎప్పుడూ దూలం మీద ఉంటుందని ఊరంతటికీ తెలుసు, గీత చూస్తే దూలానికి నాలుగడుగుల కింద ఆగిపోయింది. నీళ్లు ఆ పెట్టెని ముట్టనే లేదు. చెల్లెలు వంటింట్లో గోడకి ఆనుకుని నిలబడి, అన్నం తింటున్న అన్నని, ఆ గీతని, దూలాన్ని మార్చి మార్చి చూసే అధ్యాయం ఒక్క రాత్రిలో రాశాను. వరద నాటి ఇళ్లు తెలియనివాళ్లు ఈ ఆధారాన్ని ఊహించడం కష్టం. అలాగని నేను కనిపెట్టిందీ కాదు, నా భుజానికి తగులుతూ పెరిగింది.

అపోహ: భయం పుట్టాలంటే పాడుబడ్డ బంగళా, శ్మశానం, ఊరి చివర మర్రిచెట్టు కావాలి.

వాస్తవం: అలాంటి చోటికి పాఠకుడు భయపడడానికి సిద్ధపడే వస్తాడు. నిశ్చింతగా ఉండే చోట ఒక చిన్న తేడా కనబడితే ఎక్కువ పనిచేస్తుంది. అగాథా క్రిస్టీ 1938లో ఇంగ్లాండులోని డెవన్‌లో, డార్ట్ నది ఒడ్డున గ్రీన్‌వే అనే ఇల్లు కొన్నారు. సెలవులకి కుటుంబంతో వెళ్లి హాయిగా గడిపే ఆ తోటలోని పడవల షెడ్డే, 1956లో వచ్చిన ఆమె నవల ఒకదాంట్లో హత్య జరిగే చోటైంది.

నా విషయంలో అది నూతి గిలక. మా బావి మూడిళ్లకి ఉమ్మడి. అమ్మమ్మ మంచం మీద పడుకునే, గిలక చప్పుడు బట్టి ఎవరు తోడుతున్నారో చెప్పేసేది. పక్కింటి పెద్దమ్మ చాంతాడు చిన్న చిన్నగా లాగుతుంది, గిలక కిచకిచమంటుంది. వాళ్లబ్బాయి మూడు బారల్లో బొక్కెన పైకి తెచ్చేస్తాడు, చివర్లో బొక్కెన అంచు గట్టుకి కొట్టుకుంటుంది, ప్రతిసారీ. నా రెండో నవల ఇక్కడే పుట్టింది. సాయంత్రం పంటు ఎక్కి అవతలి ఒడ్డుకి వెళ్లిపోయాడని అందరూ నమ్మిన మనిషి చేతివాటం, ఆ రాత్రి రెండింటికి గిలక మీద వినిపిస్తుంది. మూడు బారలు, గట్టుకి బొక్కెన తగిలిన చప్పుడు. విన్నది కళ్లు సరిగా కనపడని ముసలావిడ, ఆమె మాట ఎవరూ నమ్మరు. దయ్యం లేదు, ఉరుము లేదు. దాన్ని చదివి రాత్రిళ్లు పంపు చప్పుడికి కూడా ఉలిక్కిపడ్డామని ఉత్తరాలు రాసినవాళ్లున్నారు.

అపోహ: జ్ఞాపకం ఉన్నది ఉన్నట్టు దించేస్తే చాలు, నిజం కాబట్టి పండుతుంది.

వాస్తవం: జ్ఞాపకం ఉన్నది ఉన్నట్టు ఉండదు. పైన రేడియో అన్నాను కదా, మా అన్నయ్య ఒప్పుకోడు. ఆ రోజుల్లో మా రేడియోకి బ్యాటరీలే లేవని, పక్కింటాయన వచ్చి అరుగు మీద నుంచి చెప్పి వెళ్లేవాడని అంటాడు. నాకైతే రేడియో గొంతు కూడా వినిపిస్తోంది! ఆ రాత్రి కటిక చీకటి అని కూడా నా మనసులో గట్టిగా ఉండిపోయింది. తర్వాత ఆ ఏటి పంచాంగం తీస్తే, ధవళేశ్వరంలో వరద ముదిరిన ఆగస్టు 16కి శ్రావణ పౌర్ణమి ఇంకా మూడు రోజులే ఉంది. మబ్బు పట్టిందో, నా భయమే చీకటిగా మారిందో. బార్ట్‌లెట్ అనే బ్రిటిష్ మనస్తత్వవేత్త 1932లోనే దీని మీద పుస్తకం రాశాడు. ఒక అమెరికన్ ఆదివాసీ జానపద కథ చదివించి, కొన్నాళ్ల తర్వాత చెప్పమంటే, చదివినవాళ్లు తమకు వింతగా ఉన్నవి వదిలేసి, మిగతావి తమకు అలవాటైన వాటిగా మార్చి చెప్పారట. మనం గుర్తుచేసుకునే ప్రతిసారీ మళ్లీ కొత్తగా కట్టుకుంటాం.

రాసేవాళ్లకి ఇది నష్టం కాదు, వరం. రేడియో ఉందనే చెల్లెలు, లేదనే అన్నయ్య, ఇద్దరూ నిజాయితీపరులే, ఒకరి మాట మీద మూడో మనిషి జైలుకి వెళ్లాల్సి ఉంది. ప్రస్తుతం నా బల్ల మీద ఉన్న నవల అదే. ఒక్క జాగ్రత్త మాత్రం చెబుతాను, జ్ఞాపకాన్ని ఎంతైనా మార్చుకోండి కానీ తేదీ వేస్తే మాత్రం పంచాంగం చూడండి, వెన్నెల తప్పు రాస్తే పట్టుకునే పాఠకులున్నారు.

"ఆ ఊళ్లో కూర్చుని రాస్తేనే సహజంగా వస్తుంది" అనేది ఇంకో నమ్మకం. నా నవలలన్నీ కూకట్‌పల్లిలో మూడో అంతస్తులో రాసినవే. ఇంగ్లిష్ రచయిత్రి డాఫ్నీ డ్యూ మారియే 1938లో అచ్చయిన 'రెబెక్కా' నవలని రాయడం మొదలుపెట్టినప్పుడు ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో ఉన్నారు, భర్త సైనికోద్యోగం వల్ల. అక్కడి ఎండలో ఇంగ్లాండులోని కార్న్‌వాల్ మీద బెంగతో రాశారు. అందులోని ఇంటికి ఆధారం కార్న్‌వాల్‌లో ఆమె మనసుపడ్డ మెనబిల్లీ అనే భవనం, చిన్నప్పుడు చుట్టపుచూపుగా వెళ్లిన మిల్టన్ హాల్ అనే ఇంకో పెద్ద ఇల్లు, రెండూ కలిసినవి. దూరంగా ఉంటే అనవసరమైనవి వాటంతటవే రాలిపోతాయి.

పైగా ఊరు మనకోసం ఆగదు. పంటు దాటి కోటిపల్లి వెళ్తే, మా చిన్నప్పుడు అక్కడ పట్టాల్లేని రైలు కట్ట ఉండేది. కాకినాడ నుంచి వేసిన ఆ లైను పట్టాల్ని 1940లో యుద్ధం అవసరాలకి పీకేశారు. "రైలుని యుద్ధానికి పట్టుకుపోయారే" అనేది అమ్మమ్మ, నేను ఆ కట్ట మీద నడిచినప్పుడల్లా వెనక్కి చూసుకునేదాన్ని. 2004లో మళ్లీ పట్టాలు వేశారు, రైలొచ్చింది, సంతోషమే. కానీ రైలు రాని ఆ కట్ట ఇప్పుడు నా తలలో, మావాళ్ల తలల్లో తప్ప ఎక్కడా లేదు. దాన్ని చూసి రాద్దామంటే చూడ్డానికి ఏముంది?

అపోహ: పేరు మారిస్తే చాలు, తెలిసినవాళ్లని వాడుకోవచ్చు.

వాస్తవం: వాడుకోకూడదు. మొదట్లో ఒక సీరియల్‌లో, డబ్బు లెక్కపెడుతూ ప్రతి పదో నోటుకీ ఆగి తల ఎత్తి చూసే ఒక బంధువు అలవాటుని మోసగాడికి పెట్టాను. పేరు, ఊరు, కులం, అన్నీ మార్చాను. ఆయన కూతురు మూడో వారానికే గుర్తుపట్టింది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. తర్వాత ఒక పెళ్లిలో చదివింపుల నోట్లు లెక్కపెట్టమని ఎవరో ఇస్తే, నా వైపు చూసి, వద్దులే అని పక్కవాళ్లకి ఇచ్చేశారు. అది ఇప్పటికీ గుచ్చుకుంటుంది. చోటుని ఉన్నదున్నట్టు తీసుకుంటాను, మనిషిని మాత్రం ఇక ఎప్పుడూ అలా తీసుకోను.

ఇక చివరిది, నన్ను ఎక్కువ కలవరపెట్టేది: "అపార్ట్‌మెంట్లలో పెరిగిన పిల్లలకి రాయడానికి ఏముంటుంది?" ఈమధ్య ఒక కాలేజీలో మాట్లాడాక, డిగ్రీ చదివే అమ్మాయి వచ్చి, "మేము మియాపూర్‌లో ఫ్లాట్‌లో పెరిగాం మేడమ్, మాకు గోదావరి లేదు" అంది. అలా అనేటప్పుడు తల వంచుకుంది. రాత్రిపూట ఏ చప్పుడు వింటే మీ బిల్డింగ్‌లో ఎవరొచ్చారో తెలుస్తుందమ్మా అని అడిగాను. ఆ పిల్ల ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. నాలుగో అంతస్తు అంకుల్ లిఫ్ట్ గ్రిల్ చప్పుడు కాకుండా వేస్తాడట, పై ఫ్లోర్ అన్నయ్య విసిరేస్తాడట, వాచ్‌మన్ భార్య తెల్లవారుజామున నాలుగున్నరకి మోటార్ వేసి, ట్యాంకు నిండి నీళ్లు పైపులోంచి పడే చప్పుడు మొదలవగానే పరిగెత్తుకొచ్చి ఆపేస్తుందట.

"ఒకరోజు మాత్రం గంటసేపు నీళ్లు అలా పడుతూనే ఉన్నాయి మేడమ్, ఎవరూ ఆపలేదు."

ఎందుకు ఆపలేదని అడిగాను. తెలీదంది. అక్కడి నుంచి మొదలుపెట్టమన్నాను.