గోడలు ఊడదీసిన రైలింజన్

విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీ కట్టడం చూసినవాళ్లకు ఒక సంగతి తెలిసే ఉంటుంది. బండి బలమంతా కింద ఉన్న ఛాసీలోనే ఉంటుంది. పైన బిగించిన చెక్క, రేకు పాతబడితే ఊడదీసి కొత్తవి వేసుకోవచ్చు. ఛాసీకి ఏమీ కాదు.

అమెరికాలో శాంటా ఫే రైల్వే 1970లో దీనికి పూర్తిగా తలకిందులైన పని మొదలుపెట్టింది. బాడీ తీసేస్తే బరువు మోసేది ఏదీ మిగలని ఇంజన్లకు బాడీ తీసేసింది.

ఆ ఇంజన్ పేరు ఎఫ్‌7. జనరల్ మోటార్స్ వాళ్ల ఎలక్ట్రో-మోటివ్ డివిజన్ 1949 నుంచి 1953 వరకు దీన్ని తయారుచేసింది. శక్తి 1,500 హార్స్‌పవర్. గుండ్రటి పెద్ద ముక్కు, ఇంజన్ వెడల్పంతా కప్పేసిన నునుపైన ఒళ్లు. సూపర్ చీఫ్ లాంటి పేరున్న రైళ్లను లాగినవి ఈ రకం ఇంజన్లే. చూడ్డానికి రేకు తొడుగులా కనిపించే ఆ పక్కగోడల లోపల ఉక్కు కమ్మీలతో అల్లిన త్రికోణాలు ఉంటాయి. రాజమండ్రి రోడ్-కం-రైల్ బ్రిడ్జి మీద వెళ్తుంటే రెండు పక్కలా కనిపిస్తాయే, అవే త్రికోణాలు. లోపలున్న 16 సిలిండర్ల డీజిల్ ఇంజన్, జనరేటర్ల బరువును అవే మోస్తాయి. అందుకే కింద ఫ్రేమును తేలిగ్గా కట్టారు. ఒక రకంగా ఎఫ్‌7 అంటే చక్రాల మీద నడిచే వంతెన.

దూరప్రయాణాలకు ఇది బాగానే పనికొచ్చింది. చిన్న లైన్లలోనే ఇబ్బంది. అక్కడ ఇంజన్ రోజంతా ముందుకీ వెనక్కీ తిరుగుతూ ఈ గోదాము దగ్గర రెండు వ్యాగన్లు వదలాలి, ఆ మిల్లు దగ్గర మూడు తగిలించుకోవాలి. ఎఫ్‌7 డ్రైవరుకు వెనక ఏముందో కనపడదు. కిటికీలోంచి తల బయటపెట్టి చూడాల్సిందే. వెనక జెండా ఊపుతున్న మనిషి కనపడకపోతే అది ప్రాణాల మీదికొచ్చే వ్యవహారం. మన పాత డీజిల్ ఇంజన్లకు ఉన్నట్టు సన్నటి ఒళ్లు, పక్కన నడవడానికి దారి ఉన్న ఇంజన్ కావాలి. కొత్తవి కొనాలంటే ఖర్చు. పాత ఎఫ్‌7లేమో బోలెడున్నాయి.

పాతవాటినే అలా మార్చే పనిని టెక్సాస్‌లోని శాంటా ఫే వాళ్ల క్లీబర్న్ వర్క్‌షాపు నెత్తికెత్తుకుంది. గోడలు తీస్తే ఫ్రేము ఆ బరువుకు నడుము వంచేస్తుంది కాబట్టి, ముందుగా మొత్తం బరువును ఒంటరిగా మోయగలిగే గట్టి ఫ్రేమును కట్టారు. డీజిల్ ఇంజన్‌ను విప్పి బాగుచేశారు, వైరింగ్ మార్చారు, ముందు పొట్టి ముక్కు, దాని వెనక కొత్త క్యాబ్ కట్టారు.

ఇంత మార్చడం వీలైందంటే, ఇలాంటి డీజిల్-ఎలక్ట్రిక్ రైలింజన్ పనిచేసే తీరు కూడా ఒక కారణం. ఇందులో డీజిల్ ఇంజన్ చక్రాలను నేరుగా తిప్పదు. జనరేటర్‌ను తిప్పుతుంది. ఆ కరెంటు కేబుళ్ల గుండా ఇరుసుల దగ్గరున్న మోటార్లకు చేరుతుంది. అందువల్ల క్యాబ్‌నూ కంట్రోల్ పెట్టెలనూ ఒక చోటు నుంచి ఇంకో చోటికి జరపాలంటే ప్రధానంగా కేబుళ్లు మళ్లిస్తే చాలు. ఆవిరి ఇంజన్‌తో ఇలాంటి పని ఊహించలేం. అక్కడ బాయిలర్, పిస్టన్, చక్రం ఒకదాన్ని ఒకటి పట్టుకునే ఉంటాయి.

1978 వరకు ఇలా 233 ఇంజన్లను మార్చారు. వాటికి సీఎఫ్‌7 అని పేరు పెట్టారు. నంబర్లు 2649తో మొదలై కిందికి దిగుతూ 2417 దగ్గర ఆగాయి.

వీటి గుండెకాయ అయిన 567 రకం డీజిల్ ఇంజన్‌కు మనతోనూ చుట్టరికం ఉంది. ఒక్కో సిలిండర్ ఘనపరిమాణం 567 ఘనపుటంగుళాలు, అంటే దాదాపు 9.3 లీటర్లు. ఆ పేరు అందుకే. అదే వంశంలో తర్వాత 645, ఆ తర్వాత 710 వచ్చాయి. మన గుత్తి డీజిల్ షెడ్‌లోని డబ్ల్యూడీజీ-4 అనే గూడ్సు రైలింజన్‌లో ఉన్నది ఆ 710 ఇంజనే.

1980లో అమెరికాలో స్టాగర్స్ చట్టం వచ్చింది. తమకు గిట్టుబాటు కాని బ్రాంచి లైన్లను వదిలించుకోవడం పెద్ద రైల్వేలకు సులువైంది. ధాన్యం, కలప, కంకర మోసే ఆ లైన్లను కొద్దిమంది ఉద్యోగులతో నడిచే చిన్న కంపెనీలు తీసుకున్నాయి. వాళ్లకు తక్కువ ధరలో, తేలిగ్గా రిపేరు చేసుకోగలిగే ఇంజన్ కావాలి. సరిగ్గా ఆ దశాబ్దంలోనే శాంటా ఫే తన సీఎఫ్‌7లను అమ్మకానికి పెట్టింది. 1984లో 25 ఇంజన్లు అమెరికా ప్రయాణికుల రైళ్లు నడిపే ఆమ్‌ట్రాక్‌కు చేరాయి, చాలా వాటిని చిన్న రైల్వేలు కొనుక్కున్నాయి. క్లీబర్న్ పనివాళ్లు వేసిన ఆ ఫ్రేముల మీదే ఎన్నో ఊళ్ల సరుకు కదిలింది. వాళ్ల పేర్లు ఏ ఇంజన్ మీదా రాసి లేవు. అది నాకు నిజంగా బాధగా అనిపిస్తుంది.

వీటిలో కొన్ని ఇప్పటికీ మిగిలాయి. మొదట్లో మార్చినవాటిని గుర్తుపట్టడం తేలిక. ఒళ్లంతా పెట్టెల్లా పలకలుగా ఉంటుంది కానీ, క్యాబ్ పైకప్పు మాత్రం గుండ్రంగా వంగి ఉంటుంది. అది ఎఫ్‌7 వంపు.