ఐసు దిమ్మ వెనక ఉన్న గ్యాసు

శ్రీకాకుళం తీరంలో తెల్లవారుజామున నాలుగింటికే ఐస్ ఫ్యాక్టరీల ముందు ఆటోలు బారులు తీరతాయి. దిమ్మలు జారుకుంటూ వచ్చి క్రషర్‌లో పడతాయి, అక్కడి నుంచి చేపల పెట్టెల్లోకి వెళ్తాయి. గోడకు అవతల, ఐసు గడ్డకట్టించే అమోనియా గ్యాసును అదిమే కంప్రెసర్ గదిలోకి ఎవరూ తొంగి చూడరు. నేను ఒకసారి చూశాను. ఆపరేటర్ ఒక్కడే ఉన్నాడు. ద్రవ అమోనియా నిలవుండే ట్యాంకు, అంటే రిసీవర్, అడుగున ఉన్న చిన్న వాల్వు తిప్పి నల్లటి నూనెను బకెట్లోకి దింపుతున్నాడు. బెల్లం పాకంలా సాగుతూ దిగిన నూనె కాసేపటికి నురగ కట్టింది. నా ముక్కు, కళ్లు భగ్గుమన్నాయి. అతను గబుక్కున వాల్వు కట్టేసి, "నూనె దింపినప్పుడు సెయ్యి వాల్వు మీంచి తియ్యకూడదు బాబూ" అన్నాడు.

ఆ మాటలో పెద్ద పాఠమే ఉంది. కంప్రెసర్ నూనె అమోనియాలో కలవదు, ద్రవ అమోనియా కంటే బరువు కాబట్టి అడుగుకు చేరుతుంది. అప్పుడప్పుడు తీయక తప్పదు. నూనె అయిపోయిన మరుక్షణం అదే రంధ్రంలోంచి అమోనియా తన్నుకొస్తుంది. చెయ్యి తీస్తే దానంతట అదే మూసుకుపోయే స్ప్రింగు వాల్వు ఎప్పటి నుంచో ఉంది. ఆ గదిలో మాత్రం లేదు. అతని చెయ్యే అక్కడి సేఫ్టీ వాల్వు.

మన దేశంలో ఐసు వ్యాపారం మొదలైంది అమెరికా ఐసుతో. 1833లో బోస్టన్ నుంచి ఓడలో కలకత్తాకు ఐసు వచ్చింది. 1842లో మద్రాసులో దాన్ని దాచడానికి ఐస్ హౌస్ కట్టారు. మన ప్రాంతం అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. 1876 ప్రాంతంలో జర్మనీలో కార్ల్ ఫాన్ లిండే అమోనియా కంప్రెసర్‌ను పనికొచ్చే యంత్రంగా తీర్చిదిద్దాక సముద్రాలు దాటి ఐసు తేవాల్సిన అవసరం తీరిపోయింది. 1930ల నుంచి ఫ్రియాన్ అనే గ్యాసు ఇళ్లలోని ఫ్రిజ్‌లను ఆక్రమించినా, ఐస్ ఫ్యాక్టరీలూ కోల్డ్ స్టోరేజీలూ అమోనియాను వదల్లేదు. చవక, చల్లబరిచే శక్తి ఎక్కువ. ఓజోన్ పొరను కాపాడే మాంట్రియల్ ఒప్పందం 1987లో వచ్చాక అమోనియా విలువ ఇంకా పెరిగింది. ఫ్రియాన్‌లా అది ఓజోన్‌ను చెరపదు, భూమిని వేడెక్కించదు. దాన్ని తీసేయమని నేను అడగను. దాన్ని పట్టి ఉంచిన ఇనుము సంగతే నా బాధ.

మామూలు గాలి ఒత్తిడిలో అమోనియా మైనస్ 33 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. దాన్ని ద్రవంగా నిలపాలంటే గట్టిగా అదమాలి. మన ఎండాకాలంలో గ్యాసును ద్రవంగా మార్చే కండెన్సర్ వైపు గేజీ చదరపు సెంటీమీటరుకు 13, 14 కిలోలు చూపిస్తుంది, అంటే లారీ టైరులోని గాలికి ఒకటిన్నర రెట్లు పైనే. గాలిలో పది లక్షల భాగాలకు 300 భాగాలు చేరితే ప్రాణం మీదికి వస్తుంది. గాలి కంటే తేలిక కదా, పైకి పోతుందిలే అనుకుంటే పొరపాటే. మన తీరంలోని తేమ గాలిలో అది తెల్లటి పొగమంచులా నేలబారున పాకుతుంది. లీకైతే గాలికి ఎదురుగానో అడ్డంగానో తప్పుకోవాలి. కళ్లను కనీసం 15 నిమిషాలు నీళ్లతో కడగాలి. నేల మీద కారిన ద్రవం మీద మాత్రం నీళ్లు కుమ్మరించకూడదు, మరిగి ఇంకా ఎక్కువ గ్యాసు లేస్తుంది.

ఇక చట్టాల సంగతి. 1923 బాయిలర్ల చట్టం మంటనూ ఆవిరినీ చూసి భయపడింది. మంట లేకుండా గ్యాసును ఒత్తిడిలో పట్టి ఉంచే పాత్ర దాని లెక్కలోకి రాలేదు. 1948 ఫ్యాక్టరీల చట్టం 31వ సెక్షన్‌లో ఒత్తిడి మీద నడిచే యంత్రాల మాట ఉండేది. కానీ కరెంటుతో నడిచే చోట పది మంది పనిచేస్తేనే అది ఫ్యాక్టరీ అయ్యేది. 1981లో మంట లేని పాత్రలకు వేరే నియమాలు వచ్చాయి, వాటి చూపు ప్రధానంగా గ్యాసు నిల్వ, రవాణా ట్యాంకుల మీద. 1984లో భోపాల్ జరిగింది. 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించారు, 1989లో ప్రమాదకర రసాయనాల నియమాలు తెచ్చారు. అమోనియాకు అవి పెట్టిన హద్దు పదుల టన్నులు. ఒకటి రెండు టన్నులతో నడిచే ఐస్ ఫ్యాక్టరీ ఆ హద్దు దరిదాపులకే రాదు. కోల్డ్ స్టోరేజీలకు 1980 నుంచి ఉన్న లైసెన్సు ఉత్తర్వును కూడా 1997లో ఎత్తేశారు.

ఈలోగా ఇక్కడ పని పెరిగింది. 2009లో వనామీ రొయ్యకు అనుమతి వచ్చాక ఐసుకు గిరాకీ పెరిగింది. విజయనగరం వైపు చింతపండు, బెల్లం కోల్డ్ స్టోరేజీలకు చేరుతున్నాయి. 2020 మే 7న విశాఖలో, లాక్‌డౌన్‌లో కదలకుండా ఉండిపోయిన ట్యాంకులో స్టైరీన్ అనే రసాయనం వేడెక్కి 12 మంది ప్రాణాలు తీసింది. ఆ మరుసటి నెలలోనే నంద్యాలలో అమోనియా లీకై ఒకరు చనిపోయారు.

ఆగి మళ్లీ మొదలయ్యే సమయమే గండం. 2010 ఆగస్టులో అమెరికాలోని అలబామాలో ఒక పెద్ద కోల్డ్ స్టోరేజీకి ఏడు గంటలు కరెంటు పోయింది. తిరిగి వచ్చాక అలారాలు చెరిపేసి హడావిడిగా నడపబోతే, వేడి గ్యాసు చల్లటి ద్రవాన్ని తాకి పైపుల్లో పిడుగులాంటి దెబ్బ పుట్టింది. కప్పు మీది పైపు తెగి 14 టన్నులకు పైగా అమోనియా బయటపడింది. గాలివాటున ఉన్న నూట యాభై మందికి పైగా జబ్బుపడ్డారు. ఏడు గంటలకే అలా అయితే, 2018 అక్టోబరులో తిత్లీ తుపాను కొట్టినప్పుడు ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదని గుర్తుచేసుకోండి.

2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక భద్రతా కోడ్‌లో ఫ్యాక్టరీకి ఉన్న పది మంది హద్దు ఇరవైకి పెరిగింది. అయితే ప్రమాదకరమైన పనిగా కేంద్రం నోటిఫై చేస్తే ఒక్క మనిషి పనిచేసే చోటికైనా కోడ్ వర్తిస్తుంది. అమోనియా ప్లాంట్లను అలా నోటిఫై చేయాలి. మనుషుల తలలు కాదు, గ్యాసు కిలోలు లెక్కపెట్టాలి.

దీనికి మనకు సమయం కూడా సిద్ధంగా ఉంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, వేట నిషేధం. ఐస్ ఫ్యాక్టరీలకు పని తగ్గే కాలం అది. సేఫ్టీ వాల్వులు విప్పి పరీక్షించడానికి, తుప్పు పట్టిన పైపుల మందం కొలవడానికి, నూనె దింపే చోట స్ప్రింగు వాల్వు బిగించడానికి ఇంతకంటే మంచి అదను లేదు. చెడ్డ అదను కూడా అదే. ఆపేటప్పుడు లైనుకు రెండు చివరలా వాల్వులు కట్టేస్తే, మధ్యలో చిక్కిన ద్రవం మే నెల ఎండకు ఉబ్బి పైపును చీల్చేస్తుంది. జూన్ 14 అర్ధరాత్రి దాటగానే పడవలు కదులుతాయి. వాటికి ఐసు కావాలంటే అంతకు ముందే ఆ గదిలో కంప్రెసర్ తిరగాలి, ఆపరేటర్ మళ్లీ ఆ వాల్వు మీద చెయ్యి వెయ్యాలి.