నాడులు తెగిన ఊపిరితిత్తిలో రక్తప్రవాహం

దాత నుంచి తీసిన ఊపిరితిత్తిని రోగి ఛాతీలో అమర్చేటప్పుడు శస్త్రవైద్యులు శ్వాసనాళాన్నీ, గుండె నుంచి ఊపిరితిత్తికి రక్తం తెచ్చే పుపుస ధమనినీ, ఆ రక్తాన్ని తిరిగి గుండెకు చేర్చే పుపుస సిరలు ఎడమ కర్ణికలో (గుండె ఎడమ పై గదిలో) కలిసే భాగాన్నీ కుట్టి కలుపుతారు. నాడులను మాత్రం కలపరు. ఊపిరితిత్తిని మెదడు, వెన్నుపాములతో కలిపే వేగస్ నాడి శాఖలూ సింపథెటిక్ నాడులూ తెగిపోయిన ఆ అవయవంలో రక్తం ఎటు ఎంత పారాలో నిర్ణయించేది ఏమిటన్న సందేహం ఈ చికిత్సను తొలినాళ్ల నుంచీ వెంటాడింది.

మనిషికి తొలి ఊపిరితిత్తి మార్పిడిని 1963 జూన్ 11న మిసిసిపీ విశ్వవిద్యాలయంలో జేమ్స్ హార్డీ చేశారు. రోగి 18 రోజులు జీవించి, మూత్రపిండాలు చెడి మరణించాడు. ఆ కాలంలో వైద్యులను ఎక్కువగా భయపెట్టినవి కుక్కల మీద జరిగిన ప్రయోగాలు. కుక్క ఊపిరితిత్తులు రెండింటినీ వేరుచేసి తిరిగి దానికే కుట్టినప్పుడు, అవి సొంత అవయవాలే కనుక తిరస్కరణకు (పరాయి అవయవంగా భావించి శరీరం దాడి చేయడానికి) తావు లేకపోయినా, ఊపిరి లయ తప్పి చాలా కుక్కలు చనిపోయేవి. తిరిగి కుట్టిన ఊపిరితిత్తిలో రక్తప్రవాహానికి రక్తనాళాల నిరోధం పెరగడం కూడా కనిపించడంతో, నాడులు తెగడమే దానికీ కారణం కావచ్చని కొందరు అనుమానించారు. కర్ణిక దగ్గర కుట్టు ఇరుకైతే రక్తం వెనక్కి తన్ని ఒత్తిడి పెరుగుతుందన్నది తర్వాత స్పష్టమైంది. కోతులజాతి జంతువుల శ్వాస వేగస్ నాడి మీద అంతగా ఆధారపడదని బబూన్లపై ప్రయోగాలు చూపాయి. కుక్కకు వర్తించినదాన్ని మనిషికీ వర్తింపజేయడం వల్ల ఈ రంగం విలువైన కాలాన్ని కోల్పోయిందనే నా అభిప్రాయం.

నిజానికి జవాబుకు ఆధారం 1946లోనే దొరికింది. పీల్చే గాలిలో ఆక్సిజన్ తగ్గిస్తే పిల్లుల పుపుస ధమనిలో ఒత్తిడి పెరుగుతుందని స్వీడన్‌లో ఫాన్ ఆయిలర్, లిల్యెస్ట్రాండ్ గమనించారు. గాలి సరిగా అందని భాగంలో చిన్న ధమనులు ముడుచుకుని, రక్తాన్ని గాలి బాగా ఆడే భాగాలకు మళ్లిస్తాయి. ఈ గుణం ధమనుల గోడల్లోని నునుపు కండరానిదే. నాడులు దాన్ని కాస్త సవరించగలవే తప్ప పుట్టించవు. 1983లో టొరంటోలో జోయెల్ కూపర్ బృందం చేసిన ఒంటి ఊపిరితిత్తి మార్పిడి ఫలించి, రోగి ఆరేళ్లకు పైగా జీవించాక, నాడుల్లేని అవయవం దీర్ఘకాలం పనిచేయగలదనడానికి సాక్ష్యం దొరికింది. మార్పిడి చేసిన మానవ ఊపిరితిత్తిలోనూ ఆక్సిజన్ తగ్గితే ధమనులు ముడుచుకుంటాయని స్టాన్‌ఫర్డ్ వైద్యులు 1987లో చూపారు.

అయితే తొలి రోజుల పరిస్థితి వేరు. నాడులతోపాటు, కణజాలంలో మిగిలే నీటిని బయటికి తీసుకెళ్లే శోషరస నాళాలూ తెగుతాయి, కొంతసేపు రక్తం అందని రక్తనాళాల లోపలి పొర దెబ్బతింటుంది, అందువల్ల నీరు ఊపిరితిత్తిలోకి ఊరి నిలుస్తుంది. శస్త్రచికిత్స తర్వాత కొన్నాళ్లు రోగికి ద్రవాలను ఆచితూచి ఎక్కించేది అందుకే.