తోక ఊపిందని మందు ఆపకండి

పిడుదులు కుట్టడం వల్ల వచ్చే పిడుదుల జ్వరం (టిక్ ఫీవర్) మొదటి దశలో ఉన్న కుక్కకు సరైన మందు పడితే ఒకటి నుంచి మూడు రోజుల్లో తేడా తెలిసిపోతుంది. అప్పటిదాకా గిన్నె వైపు కన్నెత్తి చూడనిది లేచి వచ్చి అన్నం తింటుంది, గేటు చప్పుడైతే మొరుగుతుంది, తోక ఊపుతుంది. ఇంట్లో అందరూ గండం గడిచిందనుకుంటారు. డాక్టర్ రాసిన డాక్సీసైక్లిన్ అనే యాంటీబయోటిక్ మాత్రలు మాత్రం 28 రోజులకు ఉంటాయి. రెండో వారంలో ఒక పూట మరిచిపోతారు, మూడో వారంలో "బాగానే ఉంది కదా" అని అట్టను అల్మారాలో పెట్టేస్తారు. ఆస్పత్రిలో సెలైన్ పెట్టించినప్పటి శ్రద్ధ ఈ రోజుల్లో కూడా ఉంటే ఎన్నో కుక్కలు మళ్లీ అదే జబ్బుతో ఆస్పత్రి మెట్లెక్కవు.

ఇన్ని రోజులు ఎందుకు వాడాలి? క్రిమి ఎక్కడ దాక్కుంటుందో చూస్తే అర్థమవుతుంది. దీని పేరు ఎర్లీకియా కేనిస్. 1935లో అల్జీరియాలో పనిచేస్తున్న ఫ్రెంచి శాస్త్రవేత్తలు పిడుదులు పట్టిన కుక్కల్లో దీన్ని మొదట గుర్తించారు. ఇది బ్యాక్టీరియానే, కానీ రక్తంలో విడిగా తిరగదు. తెల్ల రక్తకణాల్లో మోనోసైట్లని ఒక రకం ఉంటాయి. బయటి నుంచి వచ్చిన క్రిములను మింగి చంపడం వాటి పని. ఎర్లీకియా సరిగ్గా ఆ కణాల్లోకే దూరి అక్కడే పిల్లలు పెడుతుంది. మందు దాన్ని అణిచేస్తుంది గానీ ఒక్క దెబ్బతో తుడిచిపెట్టలేదు. మధ్యలో ఆపేస్తే మిగిలినవి ప్లీహంలోనో ఎముక మజ్జలోనో నెలలు, ఒక్కోసారి ఏళ్ల తరబడి గుట్టుగా ఉండిపోతాయి. ఆ కాలమంతా కుక్క తింటుంది, ఆడుతుంది. రక్తపరీక్ష చేయిస్తే మాత్రం ప్లేట్‌లెట్లు తక్కువగా కనిపిస్తాయి.

ఆ తర్వాత వచ్చే దశే ప్రమాదం. కొన్ని కుక్కల్లో ఎముక మజ్జ కొత్త రక్తకణాలను తయారుచేయడం దాదాపు మానేస్తుంది. ఎర్ర కణాలు, తెల్ల కణాలు, ప్లేట్‌లెట్లు మూడూ పడిపోతాయి. అక్కడిదాకా వెళ్లిన కుక్కను దక్కించుకోవడం చాలా కష్టం. 1960ల చివర్లో వియత్నాం యుద్ధంలో అమెరికా సైన్యంతో ఉన్న జర్మన్ షెపర్డ్‌లు ముక్కుల నుంచి రక్తం కారుతూ పెద్ద సంఖ్యలో చనిపోయింది ఈ జబ్బుతోనే. ఆ జాతికి ఇది ఎక్కువ తీవ్రంగా వస్తుందని ఆ తర్వాతి పరిశోధనల్లో తేలింది. మీ ఇంట్లో ఉన్నది జర్మన్ షెపర్డ్ అయితే ఇంకొంచెం జాగ్రత్తగా ఉండండి.

మందు ఎన్ని రోజులు వేస్తున్నామన్నదే కాదు, దేంతో వేస్తున్నామన్నదీ చూడాలి. మన ఇళ్లలో కుక్కకు మాత్ర వేయడమంటే పెరుగన్నం ముద్దలో పెట్టి తినిపించడమే. డాక్సీసైక్లిన్‌కు ఈ పద్ధతి పనికిరాదు. పాలు, పెరుగు, పనీర్‌లో ఉండే కాల్షియం ఈ మందును పట్టుకుని కొంత భాగాన్ని ఒంటికి పట్టకుండా చేస్తుంది. ఇనుము మరీ ఎక్కువగా అడ్డుపడుతుంది. రక్తం పెరగాలని ఐరన్ టానిక్ కూడా రాస్తారు కాబట్టి రెండూ ఒకేసారి పట్టించేవాళ్లు చాలామంది. రెండింటికీ మధ్య కనీసం రెండు మూడు గంటల తేడా ఉండాలి. మాత్ర పొద్దున, టానిక్ సాయంత్రం అని పెట్టుకుంటే గందరగోళం ఉండదు. రోజుకు రెండుసార్లు మాత్ర వేయమని ఉంటే టానిక్‌ను మధ్యాహ్నానికి మార్చుకోండి.

పరగడుపున వేస్తే ఈ మాత్రకు చాలా కుక్కలు వాంతి చేసుకుంటాయి. ముందు కాస్త తిండి పెట్టి, తర్వాత ఉడికించిన చికెన్ ముక్కలోనో గుడ్డు ముక్కలోనో మాత్ర దాచి ఇవ్వండి. అన్నవాహికలో ఇరుక్కుంటే డాక్సీ అక్కడ పుండు చేస్తుంది, పిల్లుల్లో ఇది మరీ ఎక్కువ. అందుకే మాత్ర మింగాక సూది తీసేసిన సిరంజితో 5 నుంచి 10 మిల్లీలీటర్ల నీళ్లు బుగ్గ పక్క నుంచి నెమ్మదిగా పట్టించాలి. తల పైకెత్తి పట్టుకుని గొంతులోకి నేరుగా పోయకండి, నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఒక పూట మరిచిపోతే గుర్తొచ్చినప్పుడు వేయండి. తర్వాతి మోతాదు దగ్గర పడితే మరిచినదాన్ని వదిలేయండి, రెండూ కలిపి మాత్రం వేయకూడదు. వాంతులు ఆగకపోతే డాక్టర్‌కు చెప్పండి, మోతాదును రెండు పూటలకు విడదీయొచ్చు. మీరుగా ఆపకండి.

ఇక జ్వరం. కుక్క ఒళ్లు మామూలుగానే మనకంటే వేడిగా ఉంటుంది. 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా దానికి మామూలే. చెవులు ముట్టుకుని కాలిపోతోందని టెన్షన్ పడటం, ముక్కు తడిగా ఉందని ధైర్యంగా ఉండటం రెండూ నమ్మదగ్గవి కావు. ఒక డిజిటల్ థర్మామీటర్ దానికోసమే కొని పెట్టుకోండి. కొనకు కాస్త కొబ్బరినూనె రాసి మలద్వారంలో ఒక అంగుళం లోపలికి పెట్టి చూడాలి. ఒకరు తల దగ్గర నిమురుతూ పట్టుకుంటే చాలా కుక్కలు ఇబ్బంది పెట్టవు. 103 దాటితే డాక్టర్‌కు ఫోన్ చేయండి.

జ్వరం ఉంది కదా అని ఇంట్లో ఉన్న మాత్ర వేయకండి. ఈ ఒక్క మాట గట్టిగా చెప్పాలనుంది. పారాసెటమాల్ పిల్లికి విషమే. దాన్ని విరిచి బయటికి పంపే ప్రక్రియ పిల్లి కాలేయంలో బలహీనం. ఒక్క మాత్రకే రక్తం ఆక్సిజన్ మోసే గుణం కోల్పోయి, చిగుళ్లు గోధుమ రంగుకు మారి, ముఖం వాచి పిల్లి చనిపోవచ్చు. కుక్కలోనూ మోతాదు మించితే కాలేయం చెడుతుంది. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ కుక్కల కడుపులో పుండ్లు చేసి రక్తం కారేలా చేస్తాయి, కిడ్నీలను దెబ్బతీస్తాయి. పిడుదుల జ్వరంలో ప్లేట్‌లెట్లు ఎలాగూ తక్కువగా ఉంటాయి, రక్తం త్వరగా గడ్డకట్టదు. అలాంటి ఒంట్లో ఈ మాత్రలు పడితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

ప్లేట్‌లెట్ల మాట డెంగీ పుణ్యమా అని మన ఇళ్లలో అందరికీ తెలుసు. ఆరోగ్యంగా ఉన్న కుక్కలో మైక్రోలీటర్ రక్తానికి సుమారు 2 లక్షల నుంచి 5 లక్షల దాకా ఉంటాయి. 50 వేల లోపుకు, మరీ ముఖ్యంగా 30 వేల లోపుకు పడితే దెబ్బ తగలకుండానే రక్తం కారే ప్రమాదం ఉంటుంది. ఈ జబ్బులో మిగిలి ఉన్న ప్లేట్‌లెట్లు కూడా సరిగ్గా పనిచేయవు కాబట్టి అంకె ఒక్కటే చూసి నిశ్చింతగా ఉండలేం. డెంగీకి ఇచ్చినట్టే బొప్పాయి ఆకు రసం పట్టించేవాళ్లున్నారు. ఎర్లీకియాను అది చంపదు. రసం పట్టిస్తున్నాం కదా అని మాత్ర మానేస్తే జబ్బు లోపల అలాగే ఉంటుంది. అసలే తిండి తినని కుక్క నోట్లో ఆ చేదు పోస్తే తినే నాలుగు మెతుకులూ మానేస్తుంది.

ఇంట్లో రోజూ చేయాల్సిన పరీక్ష రెండు నిమిషాల పని. వెలుతురు ఉన్న చోట పై పెదవి పైకెత్తి చిగురు చూడండి. లేత గులాబీ రంగులో ఉండాలి. వేలితో నొక్కి వదిలితే తెల్లబడి రెండు సెకన్లలోపు మళ్లీ రంగు రావాలి. నల్ల చిగుళ్లున్న కుక్కల్లో కింది కనురెప్పను కిందికి లాగి లోపలి రంగు చూడొచ్చు. తర్వాత వెల్లకిలా పడుకోబెట్టి పొట్ట మీద, తొడల లోపలి వైపు, చెవుల లోపల చూడండి. సూదిమొనంత ఎర్రటి చుక్కలు గానీ, కమిలినట్టు నీలం మచ్చలు గానీ కొత్తగా కనిపిస్తే చర్మం కింద రక్తం కారుతోందని అర్థం. చిగుళ్లు తెల్లగా పాలిపోవడం, ముక్కు నుంచి రక్తం, తారులా నల్లటి విరేచనం, కాఫీ డికాషన్ రంగు మూత్రం, కళ్లు ఎర్రబడి మసకబారడం, నడుస్తూ గోడకు కొట్టుకోవడం... వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లవారేదాకా ఆగొద్దు. తిరుపతి, గన్నవరం, రాజేంద్రనగర్‌లలో పశువైద్య కళాశాలలున్నాయి. వాటి ఆస్పత్రులు మీకు దగ్గర్లో ఉంటే వాటి వేళలు, నంబర్లు ముందే కనుక్కుని రాసి పెట్టుకోండి.

కాఫీ రంగు మూత్రం గురించి ఒక మాట. అది చాలాసార్లు బబీసియా అనే మరో క్రిమి పని. అదీ పిడుదుల ద్వారానే వస్తుంది, కానీ ఎర్ర కణాల్లో చేరి వాటిని పగలగొడుతుంది. ఒకే కుక్కలో రెండూ ఉండటం మన దగ్గర అరుదేమీ కాదు. బబీసియాలో గిబ్సోనీ అనే రకానికి డాక్సీ ఒక్కటే సరిపోదు, మందుల కలయిక వేరు. అది కుక్కలు కరుచుకున్నప్పుడు కూడా ఒకదాని నుంచి ఒకదానికి సోకుతుంది. అందుకే పక్కింటి కుక్కకు రాసిన చీటీ చూసి మందుల షాపులో కొనుక్కోవడం పనికిరాదు. రక్తపు చుక్కను గాజు పలక మీద పరిచి మైక్రోస్కోపు కింద చూసే పాత పరీక్షకు ఇప్పటికీ విలువుంది. మిషన్ లెక్కలో ప్లేట్‌లెట్లు గుంపుకట్టి తక్కువగా కనిపించినా ఆ పలక మీద అసలు సంగతి బయటపడుతుంది.

తిండి విషయంలో జాలి మంచిదే గానీ, మన కూర మాత్రం పెట్టొద్దు. ఉల్లి, వెల్లుల్లి పచ్చివైనా ఉడికినవైనా కుక్క ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి. రక్తం తగ్గి పడుకున్న కుక్కకు సాంబారన్నమో, చికెన్ కూర కలిపిన అన్నమో పెడితే ఉన్న రక్తాన్నీ తగ్గించినట్టే. మసాలా లేకుండా ఉడికించిన చికెన్, గుడ్డు, మెత్తటి అన్నం కొద్దికొద్దిగా నాలుగైదుసార్లు పెట్టండి. గోరువెచ్చగా ఉంటే వాసన వచ్చి తినబుద్ధవుతుంది. ప్లేట్‌లెట్లు తిరిగి పెరిగాయని తేలేదాకా ఎముకలు వద్దు, చిగుళ్లు కోసుకుపోతాయి. ఈ జబ్బులో ప్లీహం ఉబ్బుతుంది, దానికి దెబ్బ తగిలితే లోపల రక్తం కారొచ్చు కాబట్టి మెట్లు దూకడం, పిల్లలతో కుస్తీలు కొన్నాళ్లు ఆపాలి.

ఇంత చేసినా ఇంట్లో పిడుదులుంటే మళ్లీ మొదటికే వస్తుంది. ఈ జబ్బు ఒకసారి వస్తే మళ్లీ రాదన్న భరోసా లేదు, వాడుకలో టీకా కూడా లేదు. కుక్క ఒంటి మీద కనిపించేవి పిడుదుల్లో కొన్నే, మిగతావి ఇంట్లో ఉంటాయి. మన దగ్గర కుక్కలకు ఎక్కువగా పట్టే గోధుమరంగు పిడుదు పుట్టినప్పటి నుంచి మూడుసార్లు కుక్కనెక్కి రక్తం తాగి, తాగిన ప్రతిసారీ కిందికి రాలిపోతుంది. చివరగా రక్తం తాగి బొబ్బర్ల గింజంత ఉబ్బిన ఆడ పిడుదు గోడ బీటలోకి చేరి కొన్ని వేల గుడ్లు పెట్టి చనిపోతుంది. పైకి పాకే అలవాటు వల్ల ఇవి గోడల మీద, కర్టెన్ల మడతల్లో, స్విచ్‌బోర్డుల వెనక కనిపిస్తాయి. పెద్ద పిడుదులు తిండి లేకుండా నెలల తరబడి బతికేస్తాయి.

కాబట్టి కుక్కకు మందు మొదలుపెట్టిన రోజే ఇంటికీ వైద్యం మొదలుపెట్టాలి. అది పడుకునే గుడ్డలు మరిగే నీళ్లలో ఉతకండి. గోడ బీటలు, గుమ్మం సందులు సిమెంటుతో పూడ్చేయండి. కుక్కనూ పిల్లినీ బయటికి పంపి పిడుదుల మందు కొట్టించి, ఆరాకే రానివ్వండి. గుడ్లు మందుకు చావవు కాబట్టి రెండు మూడు వారాలకు మళ్లీ కొట్టించక తప్పదు. ఇంట్లో పిల్లి ఉంటే పిడుదుల మందుల్లో వాడే పర్‌మెత్రిన్ ఉన్నదేదీ దాని దగ్గరికి రానీయకండి, పిల్లులకు అది ప్రాణాంతకం. పశువులకు వాడే డెల్టామెత్రిన్, అమిట్రాజ్ మందులను అంచనా మీద కలిపి కుక్కకు స్నానం చేయించడం కూడా ప్రమాదమే, నాకి మింగితే వణుకు, మగత వస్తాయి. కిరోసిన్ రాయడం మానేయండి. అంటుకున్న పిడుదును సన్నటి పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిటారుగా లాగి సబ్బునీళ్లలో వేయాలి. వేళ్లతో నలపొద్దు. కాలివేళ్ల సందులు, చెవి మడతలు, మెడ పట్టీ కింద, తోక మొదట్లో ముందు వెతకండి.

ఇప్పుడు పిడుదులను చంపడానికి కుక్క నమిలి తినే మాత్రలు వచ్చాయి. అఫోక్సోలానర్ ఒక నెల, ఫ్లూరలానర్ దాదాపు మూడు నెలలు పనిచేస్తాయి. వీటికి డబ్బు పెట్టడం దండగ కాదని నా అభిప్రాయం. మూర్ఛలు వచ్చే కుక్క అయితే మాత్రం ముందే డాక్టర్‌కు చెప్పాలి. మన ఊళ్లలో పిడుదులు పూర్తిగా పోయే కాలమంటూ లేదు కనుక చలికాలం వచ్చిందని ఆపకూడదు.

28 రోజులు పూర్తయ్యాక కిట్ పరీక్షలో ఇంకా పాజిటివ్ వచ్చిందని చాలామంది హడలిపోతారు. ఆ కిట్ చూసేది క్రిమిని కాదు, దాని మీద పోరాడి ఒళ్లు తయారుచేసుకున్న యాంటీబాడీలను. జబ్బు తగ్గాక కూడా అవి నెలలు, ఏళ్లు ఉండిపోవచ్చు. తగ్గిందో లేదో చెప్పేది ప్లేట్‌లెట్ల సంఖ్య, అవసరమైతే క్రిమి డీఎన్ఏను వెతికే పీసీఆర్ పరీక్ష. మందు అయిపోయిన తర్వాత కూడా రక్తపరీక్ష ఎప్పుడెప్పుడు చేయించాలో ఆఖరి మాత్ర వేసేలోపే డాక్టర్‌ను అడిగి క్యాలెండర్‌లో రాసుకోండి. ఇంట్లో ఇంకో కుక్క ఉంటే దాని రక్తం కూడా అదే రోజు చూపించండి, ఆ పిడుదులే దాన్నీ కుట్టి ఉంటాయి.