నీటి లెక్కలో తేడా 0.00 శాతం, అయినా మోడల్ తప్పే: భూగర్భజల మోడలింగ్‌లో అపోహలు - వాస్తవాలు

రాతి పగుళ్లలో, ఇసుక రేణువుల సందుల్లో నీరు ఎంత వేగంగా కదులుతుందో చెప్పే సూత్రం పాతదే. 1856లో ఫ్రాన్స్‌లోని దిజాన్ నగర మంచినీటి సరఫరా గురించి రాసిన పుస్తకంలో హెన్రీ డార్సీ ఇచ్చాడు. భూగర్భజలం కదలికను కంప్యూటర్‌లో లెక్కకట్టే మాడ్‌ఫ్లో ప్రోగ్రామ్ మొదటి వెర్షన్‌ను అమెరికా జియలాజికల్ సర్వే 1984లో తెచ్చింది. ఇప్పుడు మాడ్‌ఫ్లో 6, దాన్ని పైథాన్ భాషలోంచి నడిపే ఫ్లోపై రెండూ ఉచితం. ఒక పూటలో మోడల్ నిలబెట్టి రంగురంగుల మ్యాపు తీయొచ్చు. చిక్కంతా ఆ మ్యాపును నమ్మడంలోనే ఉంది.

కింది లెక్కలన్నీ తెలంగాణ, రాయలసీమల్లో కనిపించే గ్రానైట్ నేలను దృష్టిలో పెట్టుకుని వేసినవి. పైన 10-20 మీటర్ల మెత్తబడిన రాయి, దాని కింద పగుళ్ల రాయి, ఆ కింద గట్టి రాయి. స్పెసిఫిక్ యీల్డ్ (మట్టం దిగినప్పుడు నేల వదిలే నీటి వాటా) 1-2 శాతం, ట్రాన్స్‌మిసివిటీ (పొర మొత్తం మందం నీటిని పారనిచ్చే సామర్థ్యం) రోజుకు 20 చదరపు మీటర్లు, నేలను గళ్లుగా విడగొట్టే గ్రిడ్‌లో ఒక్కో సెల్ (గడి) 100 మీటర్లు అనుకుందాం.

అపోహ: సాల్వర్ (సమీకరణాలు పరిష్కరించే భాగం) కన్వర్జ్ అయింది (జవాబు ఒకచోట స్థిరపడింది), నీటి లెక్క (వచ్చిన నీరు, పోయిన నీరు) సరిపోయింది, కాబట్టి మోడల్ కరెక్టు.

మీరిచ్చిన సమీకరణాన్ని సాల్వర్ సరిగ్గా పరిష్కరించిందని మాత్రమే దాని అర్థం. రీఛార్జ్ (నేలలోకి ఇంకే నీరు) యూనిట్లలో పదిరెట్లు పొరపాటు చేసినా నీటి లెక్క 0.00 శాతమే చూపిస్తుంది. తేడా ఒక శాతం దాటితే అనుమానించాలి గానీ, సున్నా వచ్చిందని సంబరపడక్కర్లేదు. అవుట్‌పుట్‌లో మొత్తం కాలానికి కలిపిచ్చే అంకె కంటే ఒక్కో టైమ్ స్టెప్‌కు (లెక్క ముందుకు సాగే కాలపు ముక్కకు) ఇచ్చేది చూడండి. ఒక స్టెప్‌లో ఎక్కువ, ఇంకో స్టెప్‌లో తక్కువ వచ్చి మొత్తంలో కొట్టుకుపోతుంటాయి. నీటిమట్టం మార్పుకు 0.001 మీటరు హద్దు పెట్టి, ప్రవాహంలో మిగిలే తేడాకు హద్దు వదులుగా పెట్టినా మోసమే. సాల్వర్ నత్తనడక నడుస్తున్నప్పుడు కూడా మట్టం మార్పు చిన్నదిగానే ఉంటుంది, దాన్నే కన్వర్జెన్స్ అనుకుని ఆగిపోతుంది.

అపోహ: బోరున్న సెల్‌లో మోడల్ చూపించే మట్టమే బోరులో నీటిమట్టం.

పంపు ఎంత లోతున దించాలో చెప్పడానికి చాలామంది వాడేది ఈ అంకెనే, చాలా రిపోర్టులు తప్పేదీ ఇక్కడే. బోరు వ్యాసం ఆరున్నర అంగుళాలు, సెల్ వెడల్పు 100 మీటర్లు. బోరు చుట్టూ గరాటులా కిందికి దిగే నీటిమట్టం ఆ సెల్‌లో ఒకే ఒక్క అంకెగా మారిపోతుంది. అది ఏ చోటి మట్టమో 1978లో డొనాల్డ్ పీస్‌మన్ చమురు రిజర్వాయర్ల సిమ్యులేషన్ కోసం తేల్చాడు. చతురస్రపు సెల్ మధ్యలో బోరుంటే, అది బోరు నుంచి సెల్ వెడల్పులో దాదాపు ఐదో వంతు దూరాన ఉండే మట్టం. మన లెక్కలో 20 మీటర్ల దూరం.

మిగతాది చేత్తోనే కట్టొచ్చు. బోరు రోజుకు 60 ఘనపు మీటర్లు తోడుతుందనుకోండి. 60ని 6.28తో, మళ్లీ 20తో భాగిస్తే 0.478. 20 మీటర్లను బోరు వ్యాసార్ధం 0.0825 మీటర్లతో భాగించి సహజ లాగరిథమ్ తీస్తే 5.49. రెండూ గుణిస్తే 2.6 మీటర్లు. అంటే మోడల్ చూపిన మట్టం కంటే బోరులో నీరు ఇంకా 2.6 మీటర్లు కింద ఉంటుంది.

అక్కడితో అయిపోలేదు. 60 అనేది రోజు సగటు. మోటారు నడిచేది 9 గంటల కరెంటులో అయితే, నడిచినంతసేపూ అది రోజుకు 160 లెక్కన లాగుతున్నట్టు. అప్పుడు తేడా 7 మీటర్లు. కేసింగ్ దగ్గర, పగుళ్ల నోటి దగ్గర జరిగే నష్టం దీనికి అదనం. మెత్తబడిన పొరే 15 మీటర్లున్న చోట 7 మీటర్లంటే మోటారు గాలి పీల్చడానికీ నీళ్లు పోయడానికీ ఉన్న తేడా. మాడ్‌ఫ్లో 6లో మామూలు వెల్ ప్యాకేజీ (బోర్లను లెక్కించే భాగం) బదులు మల్టీ-అక్విఫర్ వెల్ ప్యాకేజీ వాడి, థీమ్ పద్ధతి ఎంచుకుంటే ఈ దిద్దుబాటు అదే చేస్తుంది. కరెంటు గంటల సంగతి మాత్రం దానికి తెలియదు, మీరే చూసుకోవాలి.

అపోహ: ఇంప్లిసిట్ పద్ధతి (స్టెప్ చివరి మట్టాలతో ప్రవాహం కట్టేది) ఎప్పుడూ స్థిరమే, కాబట్టి టైమ్ స్టెప్ ఎంతైనా పెట్టుకోవచ్చు.

స్థిరంగా ఉండటం వేరు, సరిగ్గా ఉండటం వేరు. స్టెప్ మొదటి మట్టాలతో కట్టే ఎక్స్‌ప్లిసిట్ పద్ధతిలో స్టెప్‌కు గట్టి హద్దుంది: నిల్వ గుణకాన్ని (మట్టం మీటరు దిగితే పొర వదిలే నీటి వాటాను) సెల్ వెడల్పు వర్గంతో గుణించి, ట్రాన్స్‌మిసివిటీకి నాలుగు రెట్లతో భాగించాలి. స్పెసిఫిక్ యీల్డ్ 0.015 అయితే హద్దు 1.9 రోజులు. ఒత్తిడిలో ఉన్న పగుళ్ల పొరకు నిల్వ గుణకం 0.0001 అయితే 18 నిమిషాలు. అందుకే ఇంప్లిసిట్ వాడతాం. అది పేలిపోదు, నిజమే, కానీ పెద్ద స్టెప్ వేస్తే మార్పును నున్నగా చదును చేసేస్తుంది. అక్విఫర్ (నీరున్న రాతిపొర) స్పందించడానికి పట్టే కాలానికి మూడు రెట్ల స్టెప్ వేశారనుకోండి. నిజంగా మట్టం తన చివరి పతనంలో 95 శాతం దిగిపోయి ఉంటుంది, ఇంప్లిసిట్ లెక్క 75 శాతమే చూపిస్తుంది. రెండింటి సగటు తీసే క్రాంక్-నికల్సన్ పద్ధతి అయితే 120 శాతం చూపించి, తర్వాతి స్టెప్‌లో వెనక్కి వచ్చి ఊగిసలాడుతుంది. ఎక్కువ ఖచ్చితత్వమున్న పద్ధతని పేరు, పెద్ద స్టెప్‌కు మాత్రం అదే ముందు తడబడుతుంది.

మందు తేలికే. పంపింగ్ మారిన ప్రతిసారీ చిన్న స్టెప్‌తో మొదలుపెట్టి 1.2 చొప్పున పెంచుకుంటూ పోండి. 120 రోజుల పంటకాలాన్ని అలా 20 స్టెప్పులుగా కోస్తే మొదటిది 0.64 రోజు వస్తుంది.

అపోహ: సెల్ ఎంత చిన్నదైతే జవాబు అంత నిజం.

100, 50, 25 మీటర్లతో మూడుసార్లు నడిపి, జవాబుల మధ్య తేడా తగ్గుతోందో లేదో చూడటం మంచి అలవాటు. కానీ గ్రిడ్ ఎంత నలిపినా పోని తప్పులున్నాయి. పగుళ్లు గ్రిడ్‌కు 45 డిగ్రీల వాలులో సాగుతూ, ఆ దిశలో పారగమ్యత (నీటిని పారనిచ్చే గుణం) పదిరెట్లు ఉంటే, రెండు పక్క సెల్‌ల మట్టాలతోనే ప్రవాహం కట్టే మామూలు పద్ధతి అడ్డవాలు భాగాన్ని అసలు చూడదు. సెల్ మీటరుకు కుదించినా చూడదు. గ్రిడ్‌నే పగుళ్ల దిశకు తిప్పాలి, లేదా మాడ్‌ఫ్లో 6లో ఎక్స్‌టీ3డీ ఆప్షన్ పెట్టాలి.

గ్రానైట్‌ను కోసుకుంటూ పోయే డోలరైట్ డైక్‌లతోనూ (నిలువు రాతి గోడలతోనూ) జాగ్రత్త. 10 మీటర్ల డైక్‌కు 100 మీటర్ల సెల్ మొత్తం ఇచ్చేస్తే అడ్డు పదిరెట్లవుతుంది. దానికి ఫ్లో బారియర్ ప్యాకేజీ ఉంది, సెల్‌ల మధ్య పలుచని గోడలా పెట్టండి. సొంతంగా కోడ్ రాసుకునేవాళ్లు రెండు సెల్‌ల మధ్య పారగమ్యతకు మామూలు సగటు తీయకూడదు. ఒక పక్క 10, ఇంకో పక్క 0.1 అయితే మామూలు సగటు 5.05, హరాత్మక సగటు (తిరగేసిన అంకెల సగటును మళ్లీ తిరగేసినది) 0.2. రాయి రెండోదాన్నే వింటుంది.

అపోహ: ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతి (నేలను త్రిభుజాల వంటి ముక్కలుగా విడగొట్టేది) అయితే అన్నీ వాటంతటవే సరిపోతాయి.

వంకర హద్దులకు అది బాగుంటుంది. దాని మామూలు రూపమైన గెలర్కిన్ పద్ధతిలో మాత్రం ఒక్కో ఎలిమెంట్‌లోకి వచ్చిన నీరూ పోయిన నీరూ సమానంగా ఉండవు. కాలుష్యం ఎటు పోతుందో లెక్కకట్టేటప్పుడు ఇది కొంప ముంచుతుంది.

అపోహ: సెల్ ఎండిపోతే ఎండిపోయింది, పెద్ద నష్టం లేదు.

పాత మాడ్‌ఫ్లోలో మట్టం సెల్ అడుగుకు దిగితే ఆ సెల్ లెక్కలోంచే తప్పుకుంటుంది. దాంట్లో ఉన్న బోరూ తప్పుకుంటుంది, రీఛార్జ్ కూడా పోవచ్చు. ఏప్రిల్‌లో మెత్తబడిన పొర ఎండే మన నేలల్లో దీని ఫలితం విచిత్రంగా ఉంటుంది: కరువు ముదిరేకొద్దీ మోడల్‌లో పంపింగ్ తగ్గి, చుట్టుపక్కల మట్టాలు కోలుకుంటాయి! తిరిగి తడిపే ఆప్షన్ పెడితే సెల్ ఒకసారి తడిసి, ఒకసారి ఎండి సాల్వర్‌ను తిప్పలు పెడుతుంది. సెల్‌ను తీసేయకుండా లెక్క సాగించే న్యూటన్ పద్ధతి వాడటమే దారి. అప్పుడు కూడా మీరడిగిన పంపింగ్ ఎంత, మోడల్ నిజంగా తోడింది ఎంత అన్నది నెలనెలా పక్కపక్కన పెట్టి చూడండి. ఆటోమేటిక్‌గా పంపింగ్ తగ్గించే ఆప్షన్ చప్పుడు చేయకుండా కోత పెడుతుంది.

అపోహ: చెరువును స్థిరమట్టం హద్దుగా పెట్టేస్తే చాలు.

చాలు, చెరువు మే నెలలో కూడా మత్తడి దూకుతుంటే. స్థిరమట్టం అంటే ఎంత తోడినా తరగని నీరు. రివర్ ప్యాకేజీ పెట్టినా నీటిమట్టం మార్చకపోతే అంతే: అక్విఫర్ మట్టం చెరువు అడుగు కంటే దిగిపోయినా ఊట ఒకే రేటున వస్తూనే ఉంటుంది. చెరువు మట్టాన్ని నెలవారీగా ఇవ్వండి, ఎండిన నెలల్లో ఊటను సున్నా చేయండి.

అపోహ: కొలిచిన మట్టాలతో కలిసింది కాబట్టి క్యాలిబ్రేషన్ (కొలతలకు సరిపడేలా మోడల్ అంకెలు సర్దడం) అయిపోయింది.

స్థిరస్థితి (కాలంతో మారని) మోడల్‌లో మట్టాలు రీఛార్జ్‌కూ ట్రాన్స్‌మిసివిటీకీ ఉన్న నిష్పత్తినే చెబుతాయి. ఏడాదికి 60 మిల్లీమీటర్ల రీఛార్జ్‌తో ట్రాన్స్‌మిసివిటీ 20, లేదా 120తో 40: రెండు జంటలూ ఒకే మ్యాపు ఇస్తాయి. ఎంత మంచి ఆప్టిమైజేషన్ సాఫ్ట్‌వేర్ తగిలించినా ఈ ముడి విప్పలేదు. ప్రవాహానికి సంబంధించిన కొలత ఒక్కటైనా బయటి నుంచి రావాలి.

గ్రానైట్ ప్రాంతాల్లో ఆ కొలత వేసవి ఇస్తుంది. వాన లేని కాలంలో 50 చదరపు కిలోమీటర్ల పరీవాహకంలో మట్టం 4 మీటర్లు దిగిందనుకోండి. స్పెసిఫిక్ యీల్డ్ 1.5 శాతమైతే ఖర్చయిన నీరు 60 మిల్లీమీటర్లు, అంటే 30 లక్షల ఘనపు మీటర్లు. ఒక్కో బోరు రోజుకు 60 చొప్పున 200 రోజులు తోడితే 12,000. వరి మడుల నుంచి సగం తిరిగి ఇంకుతుందనుకుంటే బోరుకు నికరంగా 6,000. అక్కడ 500 బోర్లు నడుస్తూ ఉండాలి. మోడల్‌లో స్పెసిఫిక్ యీల్డ్ 3 శాతం పెట్టి ఉంటే 1,000 బోర్లు ఉండాలి. ఏది నిజమో ఊళ్లలో తిరిగి బోర్లు లెక్కపెడితే వారంలో తేలిపోతుంది.